దాణా కంపెనీది, నీళ్లు మీవి



బ్రాయిలర్ కోళ్లు పెంచేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరు గారూ, టీకా వేశాం. అయినా కొక్కెర తెగులు వచ్చింది. టీకా బాగా పట్టాలంటే దాణాలోనో నీళ్లలోనో ఏం కలపమంటారు?" అడిగేటప్పటికే వాళ్ల చేతిలో ఒక సీసా ఉంటుంది. డీలరు ఇచ్చిందో, పక్క షెడ్డువాళ్లు వాడి బాగుందన్నదో. దాని మీద కండలు తిరిగిన పుంజు బొమ్మ. లోపల విటమిన్-ఇ, సెలీనియం, ఈస్టు, నాలుగు రకాల మూలికలు. నేను అది చూసి సరేనంటానని ఎదురుచూస్తుంటారు. నేను మాత్రం సీసా పక్కన పెట్టి, "మీ నీళ్ల ట్యాంకు ఎక్కడ?" అని అడుగుతాను. కొందరికి కోపం వస్తుంది. మందు గురించి అడిగితే ట్యాంకు గురించి అడుగుతాడేంటని.

ఎందుకు అడుగుతానో చెబుతాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బ్రాయిలర్ పెంపకం చాలావరకు ఇంటిగ్రేషన్‌లోకి వెళ్లిపోయింది. పిల్ల కంపెనీది. దాణా కంపెనీది. మందులూ టీకాలూ కంపెనీవే. షెడ్డు మీది, ఊక మీది, కరెంటు బిల్లు మీది, రాత్రిళ్లు నిద్ర మానుకోవడం మీది. దాణాలో విటమిన్-ఇ ఎంత పడిందో మీకు తెలియదు. అడిగితే సూపర్‌వైజరుకూ తెలియకపోవచ్చు. నీళ్ల సంగతి అలా కాదు. బోరులోంచి ట్యాంకుకి, ట్యాంకులోంచి పైపుకి, పైపులోంచి నిపుల్‌కి అవి మీ కళ్ల ముందే నడుస్తాయి. టీకా బతకడమైనా చావడమైనా ఎక్కువసార్లు ఆ దారిలోనే జరుగుతుంది. అందుకని ఇవాళ దాణా గురించి చెప్పాల్సింది చెబుతాను గానీ, ఎక్కువసేపు నీళ్ల దగ్గరే నిలబడతాను.

ముందు టీకా అంటే ఏమిటో చూద్దాం. మీరు వాడే లసోటా సీసా అడుగున తెల్లగా ఎండిన చిన్న బిళ్ల ఉంటుంది. అందులో ఉన్నది మందు కాదు, బతికున్న వైరస్. కొక్కెర తెగులు తెచ్చే వైరస్ జాతిదే, కాకపోతే సౌమ్యమైనది. ఈ తెగులును మన దేశంలో 1920ల చివర ఇప్పటి ఉత్తరాఖండ్ కొండల్లోని రాణీఖేత్‌లో గుర్తించారు. అందుకే పుస్తకాల్లో రాణీఖేత్ వ్యాధి అని రాస్తారు, మీరు ఆర్డీ అంటారు. ఇక లసోటా అంటే ఏ శాస్త్రం మాటా కాదు, ఒక కోళ్ల రైతు ఇంటిపేరు. అమెరికాలో న్యూజెర్సీలో ఆయన ఫారం నుంచి 1946లో తీసిన వైరస్ ఇది. ఆ ఇంటిపేరే ఇవాళ మన ఊళ్ల ఫ్రిజ్‌లలో ఉంటోంది. బతికున్నది కాబట్టి దానికి ఎండ పడదు, వేడి పడదు, బ్లీచింగ్ అసలే పడదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే తర్వాత నేను చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

వైరస్ కోడి ఒంట్లోకి వెళ్లాక దాన్ని చూసి నేర్చుకునేది ఎవరు? కోడి మలద్వారం పైన, లోపలి వైపు, రేగిపండంత చిన్న సంచి ఉంటుంది. దాన్ని బర్సా అంటారు. ఇటలీలో పదువా ఊళ్లో ఫాబ్రీషియస్ అనే శరీర శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. ఆ పుస్తకం 1621లో, ఆయన పోయాక అచ్చయింది. అది ఎందుకుందో ఆయనకు తెలియలేదు. మూడు వందల ఏళ్ల పైచిలుకు ఎవరికీ తెలియలేదు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కొన్ని కోడిపిల్లల్లో ఆ సంచి తీసేసి పెంచాడు. తోటి విద్యార్థి ఒకాయనకు తరగతిలో చూపించడానికి కోళ్లు కావాల్సి వచ్చి వాటిని అడిగి తీసుకెళ్లాడు. సూక్ష్మజీవిని ఎక్కిస్తే రక్తంలో యాంటీబాడీలు పుడతాయని చూపించాలని ఆయన ఉద్దేశం. పుట్టలేదు. తరగతిలో పరువు పోయింది గానీ, బర్సా పని ఏమిటో లోకానికి తెలిసింది. ఆ ఫలితాన్ని పెద్ద పత్రిక ఒకటి తిప్పి పంపితే, 1956లో కోళ్ల పరిశోధన పత్రికలో వేయించుకున్నారు. మనిషి రక్తంలో యాంటీబాడీలు తయారుచేసే కణాలను ఇవాళ బి కణాలంటున్నాం. ఆ 'బి' బర్సాలోని బి. ఈ విషయంలో మనం కోడికి రుణపడ్డాం.

ఈ కథ ఊరికే చెప్పలేదు. గంబోరో జబ్బు తినేసేది ఈ బర్సానే. రెండు మూడు వారాల వయసులో గంబోరో తగిలితే, చావు తప్పించుకున్న కోడికి కూడా నేర్చుకునే బడి కూలిపోయినట్టే. తర్వాత లసోటా ఎంత మంచిది వేసినా, ఎంత ఖరీదైన సీసా కలిపినా అక్షరం ఎక్కదు. బూజు పట్టిన మక్కల్లోని విషం కూడా ఈ సంచినే కుదించేస్తుంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మామూలుగా మన దగ్గర 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లో చుక్కగా కొక్కెర టీకా వేస్తారు. 12 నుంచి 14 రోజుల మధ్య నీళ్లలో గంబోరో టీకా, మూడు వారాలు దాటుతుండగా మళ్లీ నీళ్లలో లసోటా. మీ ప్రాంతాన్ని బట్టి, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. కొన్ని హేచరీలు ఇప్పుడు గుడ్డులో ఉండగానే, లేదా పిల్ల పుట్టిన రోజే కొత్త రకం గంబోరో టీకాలు ఇచ్చి పంపుతున్నాయి. అలాంటి పిల్లలకు 14వ రోజు మళ్లీ గంబోరో నీళ్లు అవసరం లేకపోవచ్చు. పిల్లలు దిగిన రోజే హేచరీలో ఏ టీకా పడిందో అడిగి గోడ మీద రాసుకోండి.

ఆ 12, 14 అనే అంకె ఎక్కడిదంటే, తల్లికోడి గుడ్డు సొన ద్వారా తన యాంటీబాడీలు కొన్ని పిల్లకు ఇచ్చి పంపుతుంది. పుట్టింటి సారె అనుకోండి. బ్రాయిలర్ పిల్లలో గంబోరో యాంటీబాడీలు దాదాపు మూడు, మూడున్నర రోజులకోసారి సగమైపోతుంటాయి. సారె నిండుగా ఉన్నప్పుడు టీకా వేస్తే ఆ యాంటీబాడీలు టీకా వైరస్‌నే పట్టి చంపేస్తాయి. సారె పూర్తిగా కరిగాక వేస్తే, ఆ సందులో అసలు జబ్బు దూరుతుంది. ఒకే షెడ్డులో వేర్వేరు తల్లుల పిల్లలుంటే ఒక్కో దాని సారె ఒక్కో లెక్క. పిల్లలు దిగాక మొదటి వారంలో రక్తం పరీక్ష చేయిస్తే రోజు కచ్చితంగా చెప్పవచ్చు. పెద్ద ఫారాలవాళ్లు చేయిస్తారు. చిన్న రైతుకు అది కుదరదు, అందుకే సగటు రోజు చెబుతాం. అప్పుడప్పుడూ టీకా తప్పడానికి ఇదీ ఒక కారణమే. దీన్ని ఏ సీసా సరిచేయలేదు.

ఇప్పుడు సీసాల సంగతి. యాంటీబాడీ అంటే ప్రొటీన్. కణాలు వేగంగా పెరిగి, వేగంగా ప్రొటీన్ తయారుచేయాలి. దానికి సరుకు కావాలి. విటమిన్-ఇ ఆ కణాల గోడలు మాడిపోకుండా కాపాడుతుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో బ్రాయిలర్‌కు కిలో దాణాకు 10 యూనిట్ల విటమిన్-ఇ చాలని రాసింది. అది లోపం రాకుండా ఉండడానికి సరిపోయే లెక్క, అదీ పరిశోధనశాల లాంటి చోట. మన రేకుల షెడ్డులో ఏప్రిల్ ఎండకు ఆ లెక్క చాలదు. అందుకే కంపెనీలు దానికి చాలా రెట్లు ఎక్కువ కలుపుతాయి. పెంచితే టీకాకు యాంటీబాడీ బాగా వస్తుందని 1970ల నుంచి పరిశోధనలు చెబుతున్నాయి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో చేసి 2001లో ప్రచురించిన పనిలో, కిలోకు 25 నుంచి 50 యూనిట్లు ఇచ్చిన కోళ్లలో వచ్చిన స్పందన అంతకంటే చాలా ఎక్కువ పోసిన కోళ్లలో కనిపించలేదు. అంటే ఉప్పు లాంటిదన్నమాట. తక్కువైతే చప్పన, ఎక్కువైతే నోట పెట్టలేం. దాణాలో చాలినంత ఉన్నప్పుడు పైనుంచి సీసా పోస్తే మిగిలేది బిల్లే. ఇంకో సంగతి, విటమిన్-ఇ నూనెలో కరిగేది, ఒంట్లో నిదానంగా పోగవుతుంది. 14వ రోజు టీకా కోసం 13వ రోజు సాయంత్రం పోస్తే ఏం లాభం? మొదటి రోజు దాణాలోనే ఉండాలి. అసలైతే తల్లికోడి దాణాలోనే ఉండాలి, ఎందుకంటే సొనలోకి పోయేది అక్కడి నుంచే. ఇంటిగ్రేషన్ రైతు చేయగలిగిందల్లా ఒకటే. దాణా సంచులను గోడకు ఆనించకుండా, నేల మీద పెట్టకుండా చెక్కల మీద పేర్చడం, పాత సంచి ముందు వాడడం, ఎండ పడే షెడ్డు మూలలో నెలల తరబడి ఉంచకపోవడం. వేడికి, తేమకి సంచిలోనే విటమిన్లు చచ్చిపోతాయి.

సెలీనియం విటమిన్-ఇకి తోడికోడలు లాంటిది, ఒకరి పని కొంత ఇంకొకరు చేస్తారు. కానీ దాని అవసరం కిలోకు మిల్లీగ్రాములో మూడో వంతు లోపే. కొన్ని మిల్లీగ్రాములు దాటితే విషం. రెండు మూడు సీసాల్లో రెండు మూడుసార్లు సెలీనియం ఉందేమో లేబుల్ చదవండి. జింకు థైమస్ గ్రంథికి కావాలి. థ్రియోనిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు తగ్గితే యాంటీబాడీలూ తగ్గుతాయి. ఈ రెండింటినీ కోడి సొంతంగా తయారుచేసుకోలేదు. సొంతంగా దాణా మర పెట్టుకుని మక్కలు, సోయాచెక్క కొని కలుపుకొనే రైతులు ఈ లెక్క పౌష్టికాహార నిపుణుడితో చూపించుకోవాలి. కంపెనీ దాణా వాడేవాళ్లు దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

విటమిన్-సి సంగతి వేరు. కోడి దాన్ని తన మూత్రపిండాల్లో తానే చేసుకుంటుంది. మామూలు రోజుల్లో బయటి నుంచి అక్కర్లేదు. ఎండ 40 దాటి, కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతున్నప్పుడు మాత్రం చేసుకున్నది చాలదు. ఆ రోజుల్లో కోడి దాణా తినడం తగ్గిస్తుంది, నీళ్లు రెట్టింపు తాగుతుంది. దాణాలో ఎంత విటమిన్ పెట్టినా కడుపులోకి పోదు. కాబట్టి వేసవిలో నీళ్ల దారే మేలు. నేను నిజంగా సిఫార్సు చేసే నీళ్ల మందులు ఈ రెండే. ఎండాకాలంలో విటమిన్-సితో ఎలక్ట్రోలైట్లు, టీకా వేసిన మర్నాటి నుంచి రెండు మూడు రోజులు విటమిన్ ఎ, డి, ఇ, బి కలిసిన మందు. లసోటా పడ్డాక మూడు నాలుగు రోజులు కోళ్లు తుమ్ముతాయి, కొంచెం దిగాలుగా ఉంటాయి. దాన్ని రియాక్షన్ అంటాం. ఆ రోజుల్లో దాణా తగ్గుతుంది కాబట్టి నీళ్లలో విటమిన్ ఇవ్వడంలో అర్థముంది. విటమిన్-సి కలిపిన నీళ్లు మాత్రం పొద్దున కలిపి సాయంత్రం దాకా ఉంచకండి. వెలుతురుకీ ఇనుప పైపుకీ కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది. రెండు మూడు గంటల్లో తాగేంతే కలపండి.

ఈస్టు గోడల నుంచి తీసిన పదార్థాలు, మంచి బాక్టీరియా పొడులు కూడా ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. వీటి వెనక మంచి కథే ఉంది. ఫిన్లాండ్‌లో 1971లో బ్రాయిలర్లలో సాల్మొనెల్లా చెలరేగింది. నూర్మి అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న పెద్దకోళ్ల పేగుల్లోని బాక్టీరియాను ఒక రోజు వయసు పిల్లలకు తాగించి చూశాడు. సాల్మొనెల్లాకు చోటు దొరకలేదు. 1973లో ఆ సంగతి ప్రకటించారు. హేచరీ పిల్లకు తల్లి రెట్ట ముట్టే అవకాశం లేదు, ఖాళీ పేగుతో మన షెడ్డుకు వస్తుంది. ఆ ఖాళీలోకి ముందు మంచివాళ్లను కూర్చోబెట్టడం తెలివైన పనే. కానీ గమనించారా, ఇది మొదటి రోజు, రెండో రోజు పని. 20వ రోజు పోస్తే, నిండిన బస్సులోకి చేతులూపి ఎక్కమన్నట్టే. ఇంకోటి, ఈ పొడులు కలిపిన రోజు నీళ్లలో బ్లీచింగ్ ఉంటే అవి కూడా చచ్చిపోతాయి.

లెవామిసోల్ అనే పాములమందును గంబోరో టీకా తర్వాత రోగనిరోధక శక్తికని నీళ్లలో పోసే అలవాటు మన దగ్గర ఉంది. కొన్ని పరిశోధనల్లో కొంత మేలు, కొన్నింట్లో ఏమీ లేదు. మాంసం కోసం అమ్మే కోడికి డాక్టరు రాయకుండా, మందు ఆపాల్సిన రోజులు లెక్కపెట్టకుండా వాడొద్దు. తులసి, తిప్పతీగ, నేల ఉసిరి, మునగాకు, పసుపు ఇవన్నీ మనవే కాబట్టి నాకూ ఇష్టమే. వీటిపై మన పశువైద్య కళాశాలల్లో పనులు జరిగాయి. కిలో దాణాకు 5 గ్రాముల పసుపు బూజు విషం దెబ్బను కొంత తగ్గించినట్టు తేలింది. అంతకుమించి గట్టిగా చెప్పను. ఇంట్లో పసుపు ఉంటే వేయండి. పసుపు సీసాలో పోసి పది రెట్ల ధరకు అమ్మేదాని జోలికి వెళ్లకండి.

బూజు విషం అన్నాను కదా. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క. అందులోని విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. వేరుశనగ మన రాయలసీమ పంట, మక్కలు తెలంగాణ పంట, కోత సమయానికి వాన పడడం మన అదృష్టం. తేమ 14 శాతం దాటిన మక్కల్లో బూజు ఊరుకోదు. ఈ విషం కోడిని వెంటనే చంపకపోవచ్చు. కాలేయం పాడుచేస్తుంది, బర్సాను కుదిస్తుంది. అప్పుడు టీకా వేశాం, పట్టలేదు అంటాం. మన దేశ ప్రమాణం ప్రకారం కోళ్ల దాణాలో అఫ్లాటాక్సిన్ వంద కోట్ల వంతుల్లో 20 వంతులు దాటకూడదు. బెంటొనైట్ లాంటి మట్టితో చేసిన టాక్సిన్ బైండర్లు దాన్ని బాగానే పట్టి ఉంచుతాయి. మిగతా బూజు విషాల్ని అంతగా పట్టవు. సొంతంగా దాణా కలుపుకొనేవాళ్లు టీకా కోసం ఒకే ఒక్క పైసా ఖర్చు పెట్టాలంటే, ముందు మక్కలు ఎండబెట్టడానికి పెట్టండి. తర్వాత బైండర్‌కు. విటమిన్ సీసా మూడో వరసలో.

ఇక నీళ్లు. కొన్నేళ్ల కిందట ఒక రైతు షెడ్డులో వరసగా మూడు బ్యాచ్‌లు గంబోరో వచ్చింది. టీకా మంచిదే. ఐస్ డబ్బాలో తెచ్చారు. పాలపొడి కలిపారు. ఖరీదైన ఇమ్యునిటీ సీసా కూడా పోశారు. ఏం జరుగుతోందో తెలియక ఒక టీకా రోజు తెల్లవారుజామున వెళ్లి కూర్చున్నాను. ఆయన కొడుకు శుభ్రమైన కుర్రాడు. టీకా కదా, ట్యాంకు శుభ్రంగా ఉండాలని ముందు రోజు రాత్రి బ్లీచింగ్ పొడి వేసి కడిగాడు. మూడు బ్యాచ్‌లకీ అలాగే కడిగాడట. టీకా ట్యాంకులో పడ్డ కాసేపటికే చచ్చిపోయింది. కోళ్లు తాగింది పాలనీళ్లు. ఆ కుర్రాడిని తిట్టలేకపోయాను. ఎవరూ చెప్పలేదు పాపం.

అందుకని చెబుతున్నాను, నెమ్మదిగా రాసుకోండి. టీకాకు 24 గంటల ముందు నుంచి బ్లీచింగ్, క్లోరిన్, ఆమ్లం మందు, ఏ శానిటైజరూ నీళ్లలో ఉండకూడదు. టీకా అయ్యాక కూడా 24 గంటలు వద్దు. ఆ రోజు నీళ్లలో టీకా, పాలపొడి, టీకా నీళ్లకు రంగు వేసే నీలిరంగు బిళ్ల తప్ప మరేదీ కలపకూడదు. విటమిన్లు మర్నాడు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు తాగే నీళ్లు కదా, శుభ్రంగా ఉంటాయని కొందరు టీకా రోజు ప్రత్యేకంగా అవి పట్టి తెస్తారు. వాటిలో క్లోరిన్ కలిపే పంపుతారు. బోరు నీళ్లే నయం. ఐస్ ఫ్యాక్టరీ గడ్డలూ అంతే, ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు. చల్లదనం కావాలంటే ఇంట్లో బోరు నీళ్లు సీసాల్లో గడ్డ కట్టించి, మూత తీయకుండా సీసా సీసాగానే నీళ్లలో వేయండి.

వెన్న తీసిన పాలపొడి లీటరుకు రెండున్నర గ్రాములు. టీకా కలపడానికి ఇరవై నిమిషాల ముందే అది నీళ్లలో కలపాలి, అప్పుడే నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను అది పట్టుకుంటుంది. ఇంట్లో పాలు పోయకండి, మీగడ నిపుల్‌లో గడ్డకడుతుంది. ఇనుప బకెట్ వద్దు, ప్లాస్టిక్ వాడండి. సీసా మూతను నీళ్ల లోపల ముంచి తీయండి. నీళ్లెన్ని? పాత లెక్క ఒకటుంది. కోడి వయసు ఎన్ని రోజులో, వెయ్యి కోళ్లకు అన్ని లీటర్లు. 14 రోజుల కోళ్లు 5,000 ఉంటే 70 లీటర్లు, పాలపొడి 175 గ్రాములు. ఎండాకాలం ఇంకొంచెం ఎక్కువ. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, ముందు రోజు అదే వేళకు మీ కోళ్లు రెండు గంటల్లో ఎన్ని లీటర్లు తాగాయో కొలిచి చూసుకోవడం. టీకా నీళ్లు ఒకటిన్నర రెండు గంటల్లో అయిపోవాలి. అరగంటలో అయిపోతే బలమైన కోళ్లే తాగాయి, బలహీనమైనవి అంచుల్లో నిలబడ్డాయి. నాలుగు గంటలు మిగిలితే వైరస్ వేడికి పోయింది.

చలికాలంలో ముందు రెండు గంటలు నీళ్లు ఆపండి. మే నెలలో అరగంట నుంచి గంట చాలు, ఇంకా ఆపితే దాహానికి కొట్టుకుని నీళ్లు ఒలకబోస్తాయి. తెల్లవారకముందే మొదలుపెట్టండి. నిపుల్ లైన్ ఉంటే చివరి నిపుల్ నొక్కి పాలరంగు నీళ్లు వచ్చేదాకా లైన్ నింపి, అప్పుడు కిందికి దించండి. లేకపోతే లైన్‌లో ఉన్న ఒట్టి నీళ్లే ముందు తాగి దాహం తీర్చుకుంటాయి. తర్వాత మీరు కుర్చీ వేసుకుని కూర్చోకండి. గంటసేపు షెడ్డులో నెమ్మదిగా నడుస్తూ పడుకున్నవాటిని లేపండి. నీలిరంగు బిళ్ల వాడితే, రెండు గంటల తర్వాత వంద కోళ్ల నోళ్లు తెరిచి నాలుకలు చూడండి. తొంభై పైగా నీలంగా ఉంటే పని బాగా జరిగినట్టు.

నీళ్ల మందుల వల్ల వచ్చే ఒక చిక్కు ఎవరూ సీసా మీద రాయరు. మొదటి రోజు బెల్లం నీళ్లు పోస్తాం, తర్వాత విటమిన్లు, తర్వాత ఎలక్ట్రోలైట్లు. ఆ తీపి, ఆ పోషకాలు పైపు లోపలి గోడకు అంటుకుని జిగట పాచిగా పెరుగుతాయి. నిపుల్ ఒకటి విప్పి వేలు పెట్టి చూడండి, వేలు జారుతుంది. బాక్టీరియా దాంట్లో కాపురం పెడుతుంది. తర్వాత పోసిన టీకాను అదే పట్టుకుంటుంది. శక్తి కోసం పోసిన మందే శక్తి తినే పాచికి మేతవుతోంది. విటమిన్ పోసిన ప్రతిసారీ తర్వాత లైన్లో మంచినీళ్లు బలంగా వదిలి కడగండి. బ్యాచ్ అయిపోయాక, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, హైడ్రోజన్ పెరాక్సైడ్ మందుతో లైన్ మొత్తం కడిగించండి.

అయినా సీసా మీద మమకారం తీరకపోతే ఒక పని చేయండి. మీ షెడ్డును మధ్యలో వలతో రెండుగా విడగొట్టండి. రెండు వైపులా ఒకే హేచరీ పిల్ల, ఒకే దాణా. నీళ్ల లైన్లు వేరుగా పెట్టి ఒక వైపే సీసా పోయండి. 35వ రోజున రెండు వైపుల నుంచీ పదేసి కోళ్ల రక్తం తీయించి పశువైద్యశాల ద్వారా పరీక్షకు పంపండి. చచ్చిన కోళ్ల లెక్క, బరువు, తిన్న దాణా రాయండి. ఒక్క బ్యాచ్‌తో నమ్మొద్దు, మూడు చూడండి. కోడికి రూపాయి ఖర్చయ్యే సీసా 5,000 కోళ్లకు 5,000 రూపాయలు. తేడా అంతకంటే ఎక్కువ రాకపోతే డబ్బు మిగుల్చుకున్నట్టే. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు రైతులు ఇలా చేశారు. ఒకరికి లాభం కనిపించింది. మిగతావాళ్లు ఆ డబ్బుతో షెడ్డుకు ఫాగర్లు పెట్టించుకున్నారు.

ఇంకో చిన్న మాట. ఇమ్యునిటీ పేరుతో యాంటీబయాటిక్ కలిపిన సీసాలు మార్కెట్లో ఉంటాయి. లేబుల్ చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని చదవండి. కొలిస్టిన్ అనే మందును ఆహార జంతువులకు వాడకూడదని మన కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. ఎవరైనా పాత నిల్వ తెచ్చి అంటగడితే పుచ్చుకోకండి.

చివరగా, టీకా అయిపోయాక సీసాలు షెడ్డు వెనక పెంటకుప్ప మీద పారేయకండి. సీసాలో ఇంకా బతికున్న వైరస్ ఉంటుంది. ఊళ్లోవాళ్ల నాటుకోళ్లు ఆ కుప్పనే గీరుకుంటాయి. సీసాలూ మూతలూ ఒక గిన్నెలో వేసి అరగంట నీళ్లలో మరగబెట్టి, గోతిలో పాతిపెట్టండి. టీకా బ్యాచ్ నంబరు, తేదీ ఉన్న కాగితం మాత్రం ముందే చించి నోటుబుక్కులో అతికించుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే మీ డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.